హైదరాబాదు నుంచి విశాఖకు: గాలిలో గంట, గుమ్మం నుంచి గుమ్మానికి ఐదు గంటలు

హైదరాబాదు, విశాఖపట్నాల మధ్య దూరం ఎంత అంటే ఒక్క అంకె చెప్పడం కుదరదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి ఆకాశమార్గంలో సుమారు 510 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున 620 పైమాటే. సికింద్రాబాద్ నుంచి రైలులో దాదాపు 700. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నందువల్ల విమానం దాదాపు నేరుగా తూర్పుకు సాగుతుంది. రైలు మాత్రం ముందు ఈశాన్యంగా వరంగల్ చేరి, ఖమ్మం మీదుగా దక్షిణాన విజయవాడకు దిగి, ఆపైన ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని దాటుకుంటూ మళ్లీ ఉత్తరానికి ఎక్కుతుంది.

దూరాన్ని వేగంతో భాగించి ప్రయాణ సమయం తేల్చే పద్ధతి ఇంత దగ్గరి ప్రయాణానికి పనికిరాదు. గంటకు 800 కిలోమీటర్ల చొప్పున 510 కిలోమీటర్లకు 38 నిమిషాలు వస్తాయి గాని, జెట్ విమానం ఆ వేగంతో సాగేది ఎత్తుకు చేరిన తరువాతే. ఇక్కడ ఎక్కడానికీ దిగడానికే దారిలో చాలా భాగం సరిపోతుంది. టికెట్టు మీద గంటా పావు వరకు ఉండడానికి మరో కారణం, విమానం గేటు నుంచి కదిలిన క్షణం మొదలు అవతల ఆగేదాకా లెక్కించడం. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్ రకం చిన్న విమానమైతే ఇంకాస్త ఆలస్యమవుతుంది.

ప్రయాణికుడికి నిజంగా కావలసింది గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే సమయం. కూకట్‌పల్లిలో ఉండేవారు శంషాబాద్ చేరడానికి గంటా పావు, తనిఖీలకూ నిరీక్షణకూ గంటన్నర, ప్రయాణం గంటా పావు, సామాను అందుకుని విశాఖ ఊళ్లోకి చేరడానికి మరో గంట వేసుకుంటే ఐదు గంటలు గడిచిపోతాయి. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ సుమారు ఎనిమిదిన్నర గంటల్లో విశాఖ స్టేషనుకు చేరుస్తుంది. ఇంటి నుంచి స్టేషనుకు వెళ్లే సమయం కలిపినా విమానంతో మిగిలేది నాలుగైదు గంటలే. ఆ కాస్త మిగులుకు ఎంత చెల్లించవచ్చో ఎవరికి వారు తేల్చుకోవాలి. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావలసిన పని ఉంటే విమానం తప్పదు. తక్కినవారికి, ముఖ్యంగా సికింద్రాబాద్ వైపు ఉండేవారికి, నా ఓటు రాత్రి రైలుకే: గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పడుకుంటే పగటి సమయం నష్టపోకుండా తెల్లవారేసరికి విశాఖలో ఉంటాము. వందే భారత్‌లో పరుపు లేదు, కుర్చీయే. నడుము నొప్పి ఉన్న పెద్దలను అన్ని గంటలు కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే తెల్లవారి దిగేవారు బస విషయంలో జాగ్రత్తపడాలి. మధ్యాహ్నం పన్నెండుకు గాని గది ఇవ్వని హోటలు తీసుకుంటే రైలుతో మిగిలిన సొమ్ము ఒక పూట అద్దెకే పోతుంది. అందుకే దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కించే లాడ్జి గాని, స్టేషనులోని విశ్రాంతి గది గాని ముందే చూసుకోవడం మేలు. కొన్ని రైళ్లు విశాఖ స్టేషనుకు రాకుండా ఊరి శివార్లలోని దువ్వాడ స్టేషను మీదుగానే సాగిపోతాయి కనుక టికెట్టు మీద దిగే స్టేషను పేరు చదువుకోవాలి. దువ్వాడ నుంచి ఊళ్లోకి ఆటో ఖర్చు, సమయం వేరు. విశాఖ విమానాశ్రయం ఊరిని ఆనుకుని ఉండడం ఈ లెక్కల్లో విమానానికి కలిసివచ్చే అంశం. ఊరికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలోని భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ప్రయాణమంటే, బీచ్ రోడ్డులో బస చేసేవారి ఐదు గంటలు ఆరుకు చేరువవుతాయి.