తెలివుండీ మార్కులు రాని పిల్లాడికి హాస్టలా? ఇల్లా?

"బుర్ర ఉంది సార్, కూర్చోడంతే." ఇంటర్ ఫస్టియర్ దసరా సెలవులకల్లా చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. పదో తరగతి దాకా ఒక్కసారి వింటే వచ్చేసిన పిల్లాడు ఎంపీసీలో చేరి, వీకెండ్ టెస్టుల్లో జారిపోతుంటాడు. ఇక ఇంట్లో చర్చ మొదలు: హాస్టల్లో వేద్దామా, డే స్కాలర్‌గానే ఉంచుదామా?

హాస్టల్‌ని కొట్టిపారేయలేం. ఫోన్ ఉండదు, వేళకి పుస్తకం ముందు ఉంటాడు. పైగా ఊళ్లో తనలా ఆలోచించే తోడు లేక ఒంటరైనవాడికి, రాత్రి పదింటికి ఒక లెక్క మీద వాదనకు దిగే రూమ్మేట్ దొరికితే ఆ సంతోషమే వేరు.

చిక్కల్లా ర్యాంకును బట్టి సెక్షన్లు మార్చే చోట వస్తుంది. కింది సెక్షన్‌కి పంపిన రోజున ఆ రూమ్మేటూ దూరమవుతాడు, "మావాడు జీనియస్" అన్న పేరూ పోతుంది. "నీకు కూడా రాదా?" అంటారేమోనని డౌట్ అడగడు. చదివి తప్పడం కంటే చదవకుండా తప్పితేనే నయమనిపిస్తుంది. "చదివుంటే వచ్చేది" అని చెప్పుకోవచ్చు కదా! మనం బద్ధకమని తిట్టేది చాలాసార్లు ఈ భయాన్నే.

1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. "తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలకు తర్వాత కష్టమైన పజిళ్లిచ్చి, ఎన్ని వచ్చాయో వేరే స్కూలు పిల్లలకు రాయమంటే దాదాపు 40 శాతం మంది వచ్చినదానికంటే ఎక్కువ వేసి రాశారు. "కష్టపడ్డావు" అని మెచ్చుకున్నవాళ్లలో అలా రాసింది 13 శాతమే.

ఇలాంటి అబద్ధం హాస్టల్లో నెలల తరబడి దాగుతుంది. ఆదివారం ఫోన్లో "బానే ఉన్నా నాన్నా" అంటే సరిపోతుంది. ఇంట్లో అయితే అన్నం కెలుకుతున్న తీరే అమ్మకి చెప్పేస్తుంది.

అలాగని ఇంట్లో రోజూ కంచం ముందే మార్కుల విచారణ, పెద్దమ్మ కొడుకుతో పోలిక అయితే హాస్టలే నయం. రానూపోనూ మూడు గంటల బస్సు ప్రయాణమైనా అంతే.

ఈ రెండూ లేకపోతే నా ఓటు డే స్కాలర్‌కే, కనీసం ఫస్టియర్ వరకు. వాడికి ఇన్నాళ్లూ అవసరం పడని పని ఒకటుంది: రాని లెక్కతో అరగంట కూర్చోవడం. అది అలవాటయ్యే దాకా పక్కన మనవాళ్లు ఉండాలి. "ఎన్నొచ్చాయి?" బదులు "ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగి చూడండి. నిద్ర తగ్గినా, మాటలు మానేసినా మార్కుల సంగతి పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

హాస్టల్ తప్పదంటే, ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: సెక్షన్ మారిస్తే రూమ్ కూడా మారుస్తారా?