విమ్: ఏళ్ల తరబడి సర్వర్ల మీదా, తెలుగు రాతకీ వాడాక

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ మీద పెట్టే సమయంలో ముప్పాతిక వంతు కీల (మీటలతో ఇచ్చే ఆదేశాల) మీద పెట్టాలి, మిగిలింది కాన్ఫిగ్ (సెట్టింగుల) మీద. మన దగ్గర చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఎవరిదో వెయ్యి లైన్ల విమ్‌ఆర్‌సీ (సెట్టింగుల ఫైల్) దించుకుని, రంగులు కుదిరేదాకా తంటాలు పడి, చివరికి బాణం మీటలతోనే తిరుగుతుంటారు. ఈ సమీక్ష అంతా ఆ లెక్కలోనే సాగుతుంది.

అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసినవాళ్లకి సాధారణంగా అందేది "ఐ నొక్కు, టైపు చెయ్, ఎస్కేప్ కొట్టు, :డబ్ల్యూక్యూ" వరకే. ఆ తర్వాత మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో సపోర్టు ఉద్యోగంలో చేరితే విండోస్ ల్యాప్‌టాప్, దాన్నుంచి జంప్ సర్వర్ (మధ్యలో దాటాల్సిన మెషీన్), అక్కణ్నుంచి క్లయింటు మెషీన్. అక్కడ కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. ఉన్నది వీఐ (విమ్‌కి మూలమైన పాత ఎడిటర్), అదృష్టం బాగుంటే విమ్. కాబట్టి ఇష్టమా కాదా అన్న ప్రశ్నకి తావు లేదు, చేతికి ఎంత పట్టిందన్నదే ప్రశ్న.

(కీల పేర్లు తెలుగులోనే రాస్తున్నాను. పెద్దక్షరం అని ప్రత్యేకంగా చెప్పకపోతే చిన్నక్షరమే.)

కీలలో అసలు సరుకు ఆపరేటరూ మోషనూ కలిసే తీరు. డి అంటే తీసెయ్, సి అంటే తీసేసి రాయి, వై అంటే కాపీ. వాటి వెనక ఎక్కడిదాకా అన్నది చెప్పాలి. ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) సెట్టింగుల ఫైల్లో కోట్స్ మధ్య ఉన్న పాత్ మార్చాలంటే సి, ఐ, డబుల్ కోట్. కర్సర్ కోట్స్ లోపల ఉన్నా, అదే లైన్లో వాటికి ముందున్నా పని జరుగుతుంది, కోట్స్ దాటిపోయి ఉంటే మాత్రం జరగదు. పాత విమ్‌లలో బ్రాకెట్లకి ఈ వెసులుబాటు లేదు, కర్సర్ లోపల ఉండాల్సిందే. ఈ తేడా తెలియక "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అని విసుక్కునేవాళ్లు చాలామంది.

నేను రోజూ ఎక్కువగా వాడేది సి-జి-ఎన్. ఒక పేరు పది చోట్ల మార్చాలి, కానీ అన్ని చోట్లా కాదు. ముందు / తో ఆ పేరు వెతకండి. తర్వాత సి-జి-ఎన్, కొత్త పేరు, ఎస్కేప్. ఇక ఎన్ నొక్కితే తర్వాతి చోటు కనిపిస్తుంది, మార్చాలంటే చుక్క, వద్దంటే మళ్లీ ఎన్. :%ఎస్ (వెతికి మార్చే ఆదేశం) చివర జిసి పెట్టి ప్రతిదానికీ వై, ఎన్ చెప్పడం కన్నా ఇది మేలు, ఎందుకంటే మధ్యలో ఆగి చుట్టూ ఉన్న కోడ్ చదువుకోవచ్చు.

మాక్రోలు (రికార్డు చేసి మళ్లీ నడిపే కీల వరసలు) చాలామందికి సగంలో బెడిసికొడతాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రికార్డింగ్ లైన్ మధ్యలో మొదలవుతుంది. క్యూ-ఎ తో మొదలుపెట్టగానే సున్నా కొట్టి లైన్ మొదటికి రండి, పని అయ్యాక జె తో కింది లైన్‌కి దిగండి, అప్పుడు క్యూ. ఇక 500@ఎ అన్నా భయం లేదు. ఫైల్లో 120 లైన్లే ఉంటే చివరి లైన్లో జె ఫెయిలై మాక్రో తనంతట తనే ఆగుతుంది.

లాగ్ ఫైళ్లకి :వి/ఎర్రర్/డి కొడితే ఆ మాట లేని లైన్లన్నీ పోతాయి, చూసుకున్నాక యు కొడితే వెనక్కొస్తాయి. అయితే గిగాబైట్ల లాగ్‌ని విమ్‌లో తెరవకండి, దానికి లెస్ అనే చదివే ప్రోగ్రామ్ ఉంది. ఒకే లైన్లో మెగాబైట్ల జేసన్ ఉన్న ఫైల్ తెరిస్తే స్క్రీన్ బిగుసుకుపోతుంది. అది సింటాక్స్ రంగుల పని, :సింటాక్స్ ఆఫ్ అంటే కదులుతుంది.

ఎస్కేప్ అంత దూరాన ఎందుకుందని అందరూ తిట్టుకుంటారు. బిల్ జాయ్ 1976లో వీఐ రాసినప్పుడు వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట ఎస్కేప్ ఉండేది, బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ఉండేవి. మన కీబోర్డు మారింది, ఆదేశాలు మారలేదు. సొంత మెషీన్లో క్యాప్స్‌లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకోండి. దీనివల్ల క్యాప్స్ పొరపాటున పడి జె కాస్తా పెద్ద జె అయి లైన్లు అతుక్కుపోయే బాధ కూడా తప్పుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు లేకపోతే కంట్రోల్-[ వాడండి, అది అచ్చంగా ఎస్కేపే. కంట్రోల్-సి అలా కాదు. బ్లాక్ సెలెక్షన్‌లో (కంట్రోల్-వి తో లైన్లని నిలువుగా ఎంచుకున్నాక) పెద్ద ఐ తో పది లైన్ల ముందు కామెంట్ గుర్తు పెట్టి కంట్రోల్-సి కొడితే మొదటి లైన్లో మాత్రమే మిగులుతుంది.

ఇక కాన్ఫిగ్. మొదటి గుంట ఇది: విమ్ 8 నుంచి డిఫాల్ట్స్.విమ్ అనే ఫైల్ రంగులు, ఇండెంట్, మౌస్ వగైరా తనే పెడుతుంది. మీరు ఒక్క లైన్‌తో సొంత విమ్‌ఆర్‌సీ పెట్టినా సరే, ఆ ఫైల్ లోడవడం మానేస్తుంది. "లైన్ నంబర్లు పెట్టాను, రంగులు పోయాయి" అన్న ఫిర్యాదు మూలం ఇదే. మీ ఫైల్లో మొదటి లైన్‌గా సోర్స్ $విమ్‌రన్‌టైమ్/డిఫాల్ట్స్.విమ్ అని పెట్టండి, సరిపోతుంది.

దాని కింద నాకు కావాల్సినవి కొద్దిపాటివే. ఇగ్నోర్‌కేస్, స్మార్ట్‌కేస్ రెండూ కలిపి (వెతికేటప్పుడు పెద్దక్షరం కొడితేనే పెద్ద, చిన్న తేడా చూస్తుంది). హిడెన్ (సేవ్ చేయని ఫైల్‌ని అలాగే వదిలి ఇంకోదానికి వెళ్లనిస్తుంది). ఎక్స్‌పాండ్‌ట్యాబ్ (ట్యాబ్‌కి బదులు స్పేసులు), షిఫ్ట్‌విడ్త్ (ఇండెంట్ వెడల్పు) 4, యామల్ ఫైళ్లకి మాత్రం 2. నోమోడ్‌లైన్, ఎందుకంటే 8.1.1365కి ముందున్న విమ్‌లలో ఫైల్లోని మోడ్‌లైన్ (ఫైల్లోనే రాసే విమ్ సెట్టింగుల లైన్) ద్వారా ఏ కమాండైనా నడిపించగలిగే లోపం 2019లో బయటపడింది, పాత సర్వర్లలో ఏ వెర్షన్ ఉందో ఎవరూ చూడరు. అన్‌డూఫైల్ పెడితే ఫైల్ మూసి రేపు తెరిచినా యు పనిచేస్తుంది. కానీ అన్‌డూడిర్ (ఆ చరిత్ర దాచే ఫోల్డర్) చెప్పకపోతే ప్రతి ఫైల్ పక్కనా చుక్కతో మొదలయ్యే చెత్త ఫైలొకటి పుట్టి గిట్‌లో తేలుతుంది. చెప్పినా, ఆ ఫోల్డర్ ముందుగా చేసి ఉంచకపోతే విమ్ ఏ గొడవా లేకుండా అన్‌డూ చరిత్రని సేవ్ చేయడం మానేస్తుంది.

మ్యాపింగులు (ఒక కీకి వేరే పని అప్పగించే లైన్లు) రాసేటప్పుడు ఎన్‌మ్యాప్ కాదు, ఎన్‌నోర్‌మ్యాప్. లేకపోతే ఒక మ్యాపింగ్ ఇంకోదాన్ని పిలుస్తూ గిరగిరా తిరుగుతుంది. మ్యాపింగ్ లైన్ చివర కామెంట్ రాయకండి, ఆ కామెంట్ అక్షరాలు కూడా కీలుగానే నడుస్తాయి. చివర కనపడని స్పేస్ ఉన్నా కర్సర్ ఒక గడి జరుగుతుంది. ఏ కీని ఎవరు మార్చారో తెలియకపోతే :వెర్బోస్ మ్యాప్ అని ఆ కీ పేరు ఇవ్వండి, ఫైల్ పేరుతో సహా చెప్తుంది.

ఎస్కేప్ కొట్టాక అరసెకను ఆగుతున్నట్టు అనిపిస్తే విమ్‌ని అనుమానించే ముందు టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో అనేక సెషన్లు నడిపే ప్రోగ్రామ్) చూడండి. పాత వెర్షన్లలో దాని ఎస్కేప్-టైమ్ 500 మిల్లీసెకన్లు. 10కి దించితే చాలు.

విండోస్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌కి టెర్మినల్ కనెక్షన్) లో పనిచేసేవాళ్లకి ఎదురయ్యేవి వేరు. విండోస్ టెర్మినల్‌లో కంట్రోల్-వి పేస్ట్ అయిపోతుంది, బ్లాక్ సెలెక్షన్‌కి బదులుగా కంట్రోల్-క్యూ వాడాలి. బ్రౌజర్‌లో తెరిచిన టెర్మినల్ అయితే ఇంకా ఘోరం, విండో మారుద్దామని కంట్రోల్-డబ్ల్యూ కొడితే ట్యాబే మూసుకుపోతుంది. అక్కడ :విన్‌సీఎమ్‌డీ అని టైపు చేయడమే దిక్కు. పాత విమ్‌లో అలవాటుగా కంట్రోల్-ఎస్ కొట్టి "విమ్ హ్యాంగయింది" అనుకునేవాళ్లున్నారు. ఆగింది టెర్మినల్, కంట్రోల్-క్యూ కొడితే కదులుతుంది. షెల్ ప్రొఫైల్లో ఎస్‌టీటీవై -ఇక్సాన్ పెడితే మళ్లీ రాదు.

యామల్ పేస్ట్ చేస్తే లైన్లు మెట్లు మెట్లుగా కుడికి జరిగిపోవడం పాత విమ్‌లో ఆటోఇండెంట్ చేసే పని. పేస్ట్ చేసే ముందు :సెట్ పేస్ట్, అయ్యాక :సెట్ నోపేస్ట్. రెండోది మర్చిపోతే ఇన్‌సర్ట్‌లో (టైపు చేసే స్థితిలో) మీ మ్యాపింగులేవీ పనిచేయవు. సర్వర్లోంచి ల్యాప్‌టాప్‌కి కాపీ చేయాలంటే షిఫ్ట్ పట్టుకుని మౌస్‌తో లాగండి, లాగే ముందు :సెట్ నోనంబర్ అనండి, లేకపోతే లైన్ నంబర్లూ వెంట వస్తాయి.

వానాకాలం సాయంత్రం కరెంటు పోయి రూటర్ ఆగిందంటే సెషన్ తెగుతుంది. ఫైల్ మళ్లీ తెరిస్తే ఈ325 అనే హెచ్చరిక వస్తుంది. కంగారుపడి డి కొట్టకండి, స్వాప్ ఫైల్ (విమ్ మధ్యమధ్యలో దాచే నకలు) పోతుంది. విమ్ 200 అక్షరాలు కొట్టినప్పుడో, 4 సెకన్లు ఊరికే ఉన్నప్పుడో స్వాప్‌లోకి రాస్తుంది, కాబట్టి పోయేది కొద్దిగానే. ఆర్ కొట్టి రికవర్ చేసి, వేరే పేరుతో సేవ్ చేసి, డిఫ్‌తో పోల్చి చూసుకున్నాకే స్వాప్ తీసేయండి. అంతకన్నా ముందు పాత సెషన్ సర్వర్‌లో ఇంకా నడుస్తోందేమో చూడండి, హెచ్చరికలోనే ప్రాసెస్ నంబర్ ఉంటుంది.

గిట్ కమిట్ మెసేజ్ మధ్యలో మనసు మారితే :క్యూ! కాదు, :సీక్యూ. అది ఎర్రర్ కోడ్‌తో బయటికి వస్తుంది, కమిట్ ఆగిపోతుంది. అమెండ్ చేసేటప్పుడు (పాత కమిట్‌ని సవరించేటప్పుడు) :క్యూ! కొడితే పాత మెసేజ్‌తో కమిట్ జరిగిపోతుంది.

నియోవిమ్ గురించి క్లుప్తంగా. 2014లో విమ్ నుంచి చీలింది, 2021లో వచ్చిన 0.5 నుంచి కాన్ఫిగ్ లువా అనే భాషలో రాసుకోవచ్చు, ఎల్‌ఎస్‌పీ (కోడ్‌లో తప్పులు, సూచనలు చూపే ఏర్పాటు) లోపలే ఉంది. సొంత ప్రాజెక్టులకి నేను దాన్నే వాడతాను. 0.10 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా కూడా క్లిప్‌బోర్డ్ పనిచేయడం పెద్ద సుఖం, మీ టెర్మినల్ ఓఎస్‌సీ 52ని (టెర్మినల్ ద్వారా క్లిప్‌బోర్డ్‌కి పంపే సంకేతాన్ని) ఒప్పుకోవాలి మరి. దాని తలనొప్పి ప్లగిన్లు. శుక్రవారం అప్‌డేట్ చేస్తే సోమవారం ఏదో ఒకటి అలుగుతుంది. ప్లగిన్ల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్‌ని గిట్‌లో ఉంచండి. కొత్త కాన్ఫిగ్ ప్రయత్నించాలంటే ఎన్‌విమ్_యాప్‌నేమ్ అనే వేరియబుల్‌కి వేరే పేరిచ్చి విడిగా నడపండి, పాతది చెడదు. ఒక అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు: రూట్ ఫైల్‌ని :డబ్ల్యూ !సుడో టీ % తో రాయడం. నియోవిమ్‌లో పాస్‌వర్డ్ అడిగే టెర్మినలే దొరకదు.

తెలుగు రాతకి విమ్ వాడేవాళ్లు తక్కువే, కానీ ఎవరూ చెప్పని సంగతులన్నీ ఇక్కడే ఉన్నాయి. సిస్టమ్ కీబోర్డుని ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరికకి మారిస్తే నార్మల్ మోడ్ (ఆదేశాలు ఇచ్చే స్థితి) చచ్చుబడిపోతుంది. జె నొక్కితే ర వస్తుంది, కె నొక్కితే క. విమ్‌కి ర అనే ఆదేశం తెలియదు. ప్రతిసారీ భాష మార్చుకుంటూ కూర్చోలేం. దీనికి లాంగ్‌మ్యాప్ అనే ఆప్షన్ ఉంది గానీ తెలుగుకి నేను సిఫారసు చేయను. డి మీట మీద పొల్లు, ఎఫ్ మీట మీద గుడి ఉంటాయి, ఆ గుర్తులు ఆప్షన్ లైన్లో ముందున్న కామాకి అతుక్కుని గందరగోళం చేస్తాయి.

సరైన దారి కీమ్యాప్. సిస్టమ్‌ని ఇంగ్లీషులోనే ఉంచండి. హోమ్ ఫోల్డర్లోని .విమ్ లోపల కీమ్యాప్ అనే ఫోల్డర్ చేసి, అందులో ఫైల్ పెట్టి, లోడ్‌కీమ్యాప్ అన్న లైన్ కింద ఒక్కో లైన్లో ఒక మీట, స్పేస్, దాని తెలుగు అక్షరం రాయండి. గుణింతపు గుర్తులకి నేరుగా అక్షరం కాకుండా కోడ్ ఇస్తే (దీర్ఘానికి 0సి3ఇ) ఫైల్ చదవడానికి వీలుగా ఉంటుంది. కీమ్యాప్ సెట్ చేయగానే ఇన్‌సర్ట్ నేరుగా తెలుగులో మొదలవుతుంది, అలా వద్దంటే దాని కింద ఐఎమ్‌ఇన్‌సర్ట్=0 పెట్టండి. ఇన్‌సర్ట్‌లో కంట్రోల్-6 కొడితే తెలుగు, మళ్లీ కొడితే ఇంగ్లీషు. ఎస్కేప్ కొట్టగానే ఆదేశాలన్నీ మామూలే. తెలుగు ఆన్‌లో ఉంటే ఎఫ్, ఆర్ ల వెనక అడిగే అక్షరం కూడా తెలుగులోనే తీసుకుంటుంది, కాబట్టి లైన్లో 'మ' దగ్గరికి దూకడం రెండు మీటల పని.

కి అని కొట్టి కీ చేయాలనుకుని బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. డెల్‌కంబైన్ ఆన్ చేస్తే గుర్తు మాత్రమే పోయి క మిగులుతుంది. ఒత్తులు ఇంకో రకం: విమ్ లెక్కలో క్ష ఒక అక్షరం కాదు, పొల్లుతో క ఒకటి, ష ఒకటి. ఎక్స్ కొడితే సగమే పోతుంది. ఏం మిగిలిందో అనుమానమొస్తే జి-8 కొట్టండి, కర్సర్ కింది బైట్లు చూపిస్తుంది, ఒక్కో తెలుగు గుర్తుకి మూడు.

టెర్మినల్‌లో అందం ఆశించకండి. గడికొక అక్షరం లెక్కన గీసేచోట ఝ, ఘ పక్కవాటి మీదికి ఎక్కుతాయి. అచ్చుకి వెళ్లే రాత ప్రూఫ్ మరోచోట చూసుకోవాల్సిందే.

అన్నిటికన్నా చిరాకు పెట్టేది జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కనపడని గుర్తు. సాఫ్ట్‌వేర్, హైటెక్ సిటీలో బోర్డుల మీది సగం మాటలు అది లేకుండా సరిగా రాయలేం. కీమ్యాప్‌లో లేకపోతే ఇన్‌సర్ట్‌లో కంట్రోల్-వి (విండోస్ టెర్మినల్‌లో కంట్రోల్-క్యూ), యు, 200సి కొట్టాలి. విమ్ దాన్ని దాచదు, <200సి> అని మాట మధ్యలో బాహాటంగా చూపిస్తుంది. పైగా దాన్ని విరామ చిహ్నంగా లెక్కేస్తుంది, అందుకని డి-ఎ-డబ్ల్యూ కొడితే సాఫ్ట్ పోయి వేర్ మిగులుతుంది. తెలుగు ఫైళ్లలో పెద్ద డబ్ల్యూ వాడండి, స్పేస్ నుంచి స్పేస్ దాకా తీసుకుంటుంది. వేరేచోట నుంచి తెచ్చిన రాతలో ఇవి రెండేసి పడి ఉంటాయి. :%ఎస్/\%యు200సి\%యు200సి//జిఎన్ అంటే ఏదీ మార్చకుండా ఎన్ని ఉన్నాయో చెప్తుంది, తర్వాత ఆ ఎన్ తీసేసి, రెండో / తర్వాత ఒక్కటి మాత్రం కంట్రోల్-వి తో పెట్టి మళ్లీ నడపండి.