స్పోరోట్రైకోసిస్‌కి క్యాప్సూలా, చుక్కల మందా?

స్పోరోట్రైకోసిస్ అంటే ఎక్కువగా చర్మానికి పట్టే ఒక ఫంగస్ జబ్బు. హిమాచల్ కొండల్లో తోటపని, గడ్డికోత చేసేవాళ్లకి ముల్లు గుచ్చుకున్నచోట చిన్న గడ్డ లేస్తుంది. కొన్ని వారాలకి అది పుండవుతుంది. అక్కణ్నుంచి చెయ్యి పొడవునా వరసగా గడ్డలు పాకుతాయి. చర్మపు టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగేవాళ్లూ ఉంటారు. కల్చర్‌లో (పుండులోంచి తీసిన నమూనాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఈ జబ్బు తెచ్చే స్పోరోత్రిక్స్ ఫంగస్ అని తేలాక, ‘ఇట్రాకోనజోల్ క్యాప్సూలా, పొటాషియం అయొడైడ్ చుక్కలా?’ అని తరచూ అడుగుతుంటారు.

మార్గదర్శకాలు ముందు చెప్పేది ఇట్రాకోనజోల్. రోజుకి 200 మి.గ్రా., పుండ్లు మానాక కూడా 2–4 వారాలు, మొత్తం 3–6 నెలలు. అయొడైడ్ వందేళ్లకి పైగా వాడుకలో ఉంది, చాలా చవక. మూడు పూటలా 5 చుక్కలతో మొదలుపెట్టి, పూటకి 40–50 దాకా పెంచుతారు. తిప్పలు ఆ పెంచడంలోనే: నోట్లో ఇనుప రుచి, వికారం, మొహం మీద మొటిమల్లాంటి పొక్కులు. చాలామంది సగంలోనే మానేస్తారు.

నా ఓటు ఇట్రాకోనజోల్‌కే. కానీ అది పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు మీరు ఇప్పటికే వేసుకుంటున్న మాత్రలని బట్టి ఉంటుంది. ఈ క్యాప్సూల్ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి, కడుపునిండా భోజనమూ కావాలి. పొద్దున్నే పరగడుపున ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ వేసుకుని, కాఫీతో ఈ క్యాప్సూల్ మింగితే రక్తంలోకి చేరేది కొంచెమే. తర్వాత ‘మందు పనిచెయ్యలేదు’ అంటారు. క్యాప్సూల్ విప్పితే లోపల సన్నటి గుళికలుంటాయి. వాటి నాణ్యత అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండదు, అందుకే చవగ్గా దొరికిందని మధ్యలో బ్రాండ్ మార్చకండి. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పి తీరాలి. లివర్ పరీక్షలు ఎలాగూ తప్పవు.

డబ్బు ఇబ్బంది ఉంటేనో, ఇట్రాకోనజోల్ కుదరకపోతేనో, జబ్బు చర్మం దాటనంతవరకు అయొడైడ్ తీసిపారేసే మందేం కాదు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకి, గర్భిణులకి మాత్రం వద్దు. గర్భిణులకి పుండు ఒక్కటే ఉంటే రోజూ వేడి కాపడం పెట్టించే పద్ధతి ఉంది.

మిగతా ఫంగస్ మందుల్లో టెర్బినఫిన్ మూడో దారి. ఫ్లుకోనజోల్ బలహీనం, ఇంకేదీ పడనప్పుడే.