పిల్లల డిటెక్టివ్ కిట్: వేలిముద్రల సామాను బాగుంది, లై డిటెక్టర్ మాత్రం తీసేయండి

ఆంధ్రలో పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవడు ఆరో క్లాసు. వాడి పుట్టినరోజుకి జయనగర్ ఫోర్త్ బ్లాక్‌లో ఒక బొమ్మల షాపులో ఈ కిట్ కొన్నాం, 1,450 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. అదే షాపులో ఇంకో రెండు మూడు రకాలు తిప్పి చూశాను, లోపల సామాను దాదాపు ఇదే.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకు ప్యాడ్, పది వేళ్లకి పది గడులున్న కార్డులు. ఇంట్లో దొంగతనం జరిగితే క్లూస్ టీమ్ ముందు ఇంట్లోవాళ్లందరి ముద్రలూ తీసుకుంటుంది. బీరువా మీద దొరికేవాటిలో ఎక్కువ భాగం వాళ్లవే ఉంటాయి కదా, వాటిని పక్కన పెడితేనే బయటివాడి ముద్ర తేలుతుంది. కిట్‌లో ఈ వరస సరిగ్గానే రాశారు. ముద్ర వేయించే పద్ధతి మాత్రం రాయలేదు. వేలిని అద్దడం కాదు, గోరు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా దొర్లించాలి. బొటనవేలు మన ఒంటి వైపుకి, మిగతా వేళ్లు బయటి వైపుకి. మనవడికి ఇది చూపించాక శంఖాలు, చక్రాలు స్పష్టంగా పడ్డాయి. వాళ్లమ్మ కుడి చూపుడువేలికి ఆర్చ్ ఉంది, అంటే గీతలు విల్లులా వంగి ఒక పక్క నుంచి రెండో పక్కకి పోతాయి. వందలో అయిదింటికి మించి కనిపించని రకం అది. వాడు భూతద్దం పట్టుకుని చాలాసేపు దాని దగ్గరే కూర్చున్నాడు.

నల్ల పొడి మంచిదే, బ్రష్ పనికిరాదు. వెంట్రుకలు గట్టిగా ఉన్నాయి, గీతలనే తుడిచేస్తున్నాయి. ఫ్యాన్సీ షాపులో దొరికే మెత్తటి మేకప్ బ్రష్ ఒకటి కొనండి. కొసకి కొంచెం పొడి అంటించి, ఎక్కువైంది దులిపేసి, స్టీలు గ్లాసు మీద తాకీ తాకనట్టు తిప్పాలి. చెమట, జిడ్డు ఉన్న చోట పొడి పట్టుకుంటుంది. గీతలు ఎటు తిరుగుతున్నాయో కనిపించగానే బ్రష్ కూడా అటే నడిపించాలి. తర్వాత టేపు ఒక చివర నుంచి బుడగ రాకుండా నొక్కుతూ అంటించి, ఎత్తి తెల్ల కార్డు మీద వేయాలి. నేరం జరిగిన చోట ఇలా దొరికే ముద్రనే మేం ఛాన్స్ ప్రింట్ అనేవాళ్లం. కార్డు వెనక తేదీ, చోటు, తీసినవాళ్ల పేరు రాయించండి. కిట్‌లో కాగితం స్కేలు ఇచ్చారు, కాబట్టి పొడి చల్లకముందే పక్కన స్కేలు పెట్టి ఫోన్‌తో ఫొటో తీయించండి. ముందు ఫొటో, తర్వాతే చెయ్యి. కింద న్యూస్‌పేపర్ పరవడం, పిల్లలకి మాస్కు పెట్టడం మరిచిపోవద్దు.

కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో వేలిముద్రల చరిత్ర ఒక పేజీ ఉంది, అప్పటి బెంగాల్ పోలీసు పెద్ద, ఇంగ్లీషు దొర ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో మొదలై ఆయన పేరుతోనే అయిపోయింది. నాకు చాలా బాధనిపించింది. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో మన కలకత్తాలో పెట్టారు. ముద్రల్ని 1,024 అరల్లో సర్దే లెక్క కట్టింది హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లు. ఆ పద్ధతే 1901లో లండన్ పోలీసుల స్కాట్లాండ్ యార్డ్‌కి వెళ్లింది. 1898 నాటి బెంగాల్‌లోని జల్పాయిగురి కేసు కూడా పిల్లలకి చెప్పాల్సిందే. టీ తోట మేనేజర్‌ని చంపి డబ్బు ఎత్తుకుపోయారు. పెట్టెలో ఉన్న పంచాంగం మీద నెత్తుటి బొటనవేలి గుర్తు పాత నేరస్తుడి ముద్రతో కలిసింది. కోర్టు అతనికి దొంగతనానికే శిక్ష వేసింది, హత్యకి వేయలేదు. ముద్ర ఉంటే అతను ముట్టుకున్నాడని తెలుస్తుంది, అంతకుమించి ఏం జరిగిందో వేరే సాక్ష్యం చెప్పాలి. ఈ ఒక్క కేసు ఆ పేజీలో పెడితే ఎంత బాగుండేది!

యూవీ టార్చి వేస్తే రక్తం మెరుస్తుందని రాశారు, అది తప్పు. ఆ వెలుగులో రక్తం మెరవదు, నల్లగా కనిపిస్తుంది. మెరిసేది ఉమ్మి, బట్టలకి పట్టిన సబ్బుపొడి లాంటివి. అన్నిటికీ జిప్ కవర్లు ఇవ్వడం కూడా సరికాదు. రక్తం తడి ఉన్న బట్టని ప్లాస్టిక్‌లో మూస్తే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెడతారు.

ఇక లై డిటెక్టర్. రెండు వేళ్లకి క్లిప్పులు, చెమట పడితే కుయ్యిమంటుంది. మా అపార్ట్‌మెంట్ పిల్లలు దాన్ని మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుక్కి తగిలించారు, పోయిన రిమోట్ కారు నువ్వే తీశావా అని. వాడు అప్పుడే కింద ఆడుకుని మెట్లెక్కి వచ్చాడు, చేతులు తడిగా ఉన్నాయి. అది మోగింది. అందరూ వాడి వైపు తిరిగారు. ఆ పిల్లవాడి మొహం చూశాక నేను బ్యాటరీలు పీకేసి అందర్నీ కూర్చోబెట్టాను. ఆ యంత్రం పట్టేది అబద్ధాన్ని కాదు, టెన్షన్‌ని, చెమటని అని చెప్పాను. పోలీసుల దగ్గర ఉండే పెద్ద యంత్రానికీ ఆ చిక్కు ఉంది. ఒకప్పుడు నార్కో టెస్టులకి, అంటే మందు ఎక్కించి మత్తులో ప్రశ్నలడిగే పరీక్షలకి, పేరుపడ్డ ఊరు ఈ బెంగళూరే. సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న ఏం చెప్పిందంటే, నార్కో గానీ, పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) గానీ, మెదడు తరంగాలు చూసే బ్రెయిన్ మ్యాపింగ్ గానీ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదు, ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. పెద్దవాళ్లకే కోర్టు ఇంత రక్షణ ఇచ్చినప్పుడు, పదేళ్ల పిల్లవాడిని ఇంకో పదేళ్ల పిల్లవాడు నిలదీయడానికి ఆ పెట్టె ఎందుకు? కంపెనీవాళ్లు దాన్ని తీసేసి ఆ డబ్బుతో మంచి బ్రష్ ఇవ్వాలి.

అయిదుకి మూడు ఇస్తున్నాను. పదేళ్లు దాటినవాళ్లకి, పక్కన పెద్దవాళ్లు కూర్చునే ఇంట్లో కొనండి. పొడి త్వరగా అయిపోతుంది. రీఫిల్ విడిగా ఇస్తారా అని షాపులో అడిగాను, లేదన్నారు.