కొండవీడు నడక దారి: నా లెక్కలో దాని విలువ

గుంటూరు నుంచి మా అమ్మాయితో బండి మీద వెళ్లాను. పెట్రోలు 150, ఇడ్లీ, మజ్జిగ 120, ఆ పూట నా టైలరింగ్ షాపు మూసినందుకు పోయింది 600. మొత్తం 870 రూపాయలు.

ఇలాంటి ప్రయాణ ఖర్చుతోనే ఒక చోటి విలువ కట్టే పద్ధతిని హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1947లో చెప్పాడు. జనం ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చుపెట్టుకుని, ఎన్నిసార్లు వస్తున్నారో చూస్తే పార్కు విలువ కట్టొచ్చు. దగ్గరివాళ్లకు ఖర్చు తక్కువ, అందుకే ఎక్కువసార్లు వస్తారు. ఆ తేడాలోనే లెక్క దొరుకుతుంది.

రెడ్డిరాజుల కోట గోడ దాటి చెరువు గట్టున కూర్చోగానే మోకాళ్ల నొప్పి మర్చిపోయాను. ఇంకో 500 ఖర్చయినా వెళ్లేదాన్నే, కానీ అది పెట్టాల్సి రాలేదు. నాకు మిగిలిన అసలు లాభం ఆ 500. నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఘాట్ రోడ్డు ఉన్నా, ఓపిక ఉంటే నడిచే ఎక్కండి.