బ్రాడీపేటలో ఒక ఫిజియోథెరపీ కేంద్రం: డిస్క్ జారినవారికి అక్కడ దొరికే వైద్యం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణానికి గుమాస్తాగా ఉన్న మా అన్నయ్య, సీజను ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, కాటా దగ్గర పక్కకు ఒరిగిన మిర్చి టిక్కీని (బస్తాను) వంగి సర్దబోయి నడుము పట్టేసి కూలబడ్డారు. రెండు మూడు రోజుల్లో నడుము నొప్పి కొంత నెమ్మదించింది కానీ, పిర్ర నుంచి పిక్క మీదుగా ఎడమ పాదం చిటికెన వేలి దాకా మంట, తిమ్మిరి మొదలయ్యాయి. ఎం.ఆర్.ఐ. తీయిస్తే నడుము అడుగున ఎల్5, ఎస్1 అనే ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి, కాలిలోకి వెళ్లే ఎస్1 నరాన్ని నొక్కుతోందని తేలింది. కాలి బలం తగ్గలేదనీ, మలమూత్ర విసర్జనలో ఇబ్బంది లేదనీ నిర్ధారించుకున్న న్యూరోసర్జన్ గారు ఆపరేషన్‌కు తొందరపడనవసరం లేదని చెప్పి, మందులతో పాటు కొన్ని వారాల ఫిజియోథెరపీ రాశారు. ఆ చీటీ పట్టుకుని మేము వెళ్లిన బ్రాడీపేట కేంద్రం గురించే ఈ సమీక్ష. ఇది ప్రచారంగా మారకూడదన్న ఉద్దేశంతో పేరు రాయడం లేదు. అక్కడ జరిగే పని ఎలా ఉంటుందో తెలిస్తే, పాఠకులు తమకు దగ్గరలో ఉన్న ఏ కేంద్రాన్నైనా దానితో పోల్చి చూసుకోవచ్చు.

మొదటి రోజు అక్కడ ఏ యంత్రాన్నీ ఆన్ చేయలేదు. ఫిజియోథెరపిస్టు గారు ఎం.ఆర్.ఐ. ఫిల్మును ఒకసారి చూసి పక్కన పెట్టి, "అన్నగారూ, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో మీ వేలితోనే గీసి చూపించండి" అని అడిగారు. తరువాత మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు. ఎడమ కాలి మీద మాత్రమే నిలబెట్టి, గోడ ఆసరాతో మడమను పదే పదే పైకి లేపమన్నారు. పిక్క కండరానికి బలాన్నిచ్చేది ప్రధానంగా ఎస్1 నరమే కనుక, అది దెబ్బతింటే ఈ పనిలో తేడా కనబడుతుందట. చీలమండ వెనుక చిన్న సుత్తితో తట్టి చూశారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలిని ఎత్తితే, సగం ఎత్తు కూడా చేరకముందే పిక్క లాగింది. ఇవన్నీ తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకున్నారు. అంత శ్రద్ధగా ఒంటిని పరీక్షించడం చూసినప్పుడే నాకు ఆ చోటు మీద నమ్మకం కలిగింది.

అసలు వైద్యం బోర్లా పడుకోవడంతో మొదలైంది. కాసేపు అలాగే ఉంచి, తరువాత మోచేతుల మీద లేపి, మరికొంత సేపటికి అరచేతులు ఆనించి నడుమును బల్ల మీదే వదిలేసి ఛాతీని మాత్రం పైకెత్తమన్నారు. ప్రతి విడత తరువాత నొప్పి కాలిలో ఎక్కడ ఆగిందో అడిగి అక్కడ బాల్ పెన్నుతో చిన్న గీత గీసేవారు. మొదటి గీత చీలమండ పైన పడింది. ఆ పూట ముగిసేసరికి అది పిక్క మధ్యకు, తరువాతి వారంలో మోకాలి వెనుకకు, ఆపైన తొడకు జరిగింది. నడుములో నొప్పి కాస్త పెరిగినట్లు అనిపించినా, కాలిలో అది పైకి జరుగుతూ ఉంటే దారి సరైనదేనని ఫిజియోథెరపిస్టు గారు వివరించారు. న్యూజిలాండ్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ గత శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అయితే ఇది అందరికీ ఒకేలా పనిచేయదు. ఇదే వ్యాయామంతో నొప్పి కిందికి పాకితే వెంటనే ఆపి వేరే దారి చూడాలి. అందువల్ల ఎవరో ఫోనులో పంపిన వీడియో చూసి ఇంట్లో మొదలుపెట్టడం కంటే, మొదటి కొద్ది రోజులైనా తెలిసినవారి ఎదుట చేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

నాకు మరింత నచ్చిన సంగతి వారి మాట నిజాయతీ. జారిన డిస్క్‌ను తాము లోపలికి నెడతామని అక్కడ ఎవరూ చెప్పలేదు. డిస్క్ లోపల గుజ్జు, చుట్టూ గట్టి పొరలు ఉంటాయనీ, పొర చిరిగి బయటికి వచ్చిన గుజ్జును శరీరంలోని రక్షణ కణాలే కొన్ని నెలల్లో చాలావరకు కరిగించగలవనీ, పెద్దగా జారిన ముక్కలు ఇలా తగ్గిపోయే అవకాశం చిన్న ఉబ్బుల కంటే ఎక్కువనీ, ఈలోపు నొప్పిని అదుపులో ఉంచి మనిషిని నడిపించడమే తమ పని అనీ చెప్పారు. ఎం.ఆర్.ఐ. రిపోర్టులోని మాటలు చూసి బెంబేలెత్తేవారు 1994లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనాన్ని గుర్తుంచుకోవాలి. నడుము నొప్పే లేని 98 మందికి స్కాన్ తీస్తే, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బు కనిపించింది. స్కాన్‌లో కనబడింది, కాలిలో తెలుస్తున్న బాధ ఒకదానికొకటి సరిపోలినప్పుడే ఆ రిపోర్టుకు విలువ.

దీనికి ముందు మేము మరొక కేంద్రానికి కూడా వెళ్లి వచ్చాము. అక్కడ పరీక్ష ఏమీ చేయకుండానే కంప్యూటర్ ట్రాక్షన్ (నడుమును యంత్రంతో లాగడం), అల్ట్రాసౌండ్, కరెంటు ప్యాడ్లు కలిపి ఒక ప్యాకేజీ చెప్పి, మొత్తం సొమ్ము ముందుగా కట్టమన్నారు. ఆపరేషన్ లేకుండా డిస్క్ తిరిగి లోపలికి వెళుతుందని గోడ మీద రంగుల బొమ్మ కూడా ఉంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, సయాటికా, అంటే నరం వెంట కాలిలోకి పాకే నొప్పి, ఉన్నా లేకపోయినా నడుము నొప్పికి ఈ మూడింటినీ ఇవ్వవద్దని 2016లోనే సూచించింది. బాధలో ఉన్న మనిషి చేత ముందే డబ్బు కట్టించుకుని, నిరూపణ లేని ఆశ అమ్మడం నాకు చాలా కష్టం కలిగించింది. బ్రాడీపేటలో ఏ రోజు ఫీజు ఆ రోజే. రసీదు అడగకుండానే ఇస్తారు.

ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుము మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందని మా బంధువులు ప్రేమతోనే చెప్పారు. మామూలు పట్టుకు జనం ఏం చేసుకున్నా, నరం నొక్కుకుపోయి ఉన్న నడుము మీద ఎవరి పాదమూ పడకూడదు.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు. కేంద్రం మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కాలు కింద పెట్టలేని రోగికి ఆ ఇరుకు మెట్లు ఎక్కడమే ఒక శిక్ష. రెండే బల్లలు ఉండటంతో సాయంత్రం పూట ఇచ్చిన సమయానికి పిలవరు, అసలు కూర్చోవడమే కష్టమైన రోగులు కుర్చీల్లో ఎదురుచూడవలసి వస్తుంది. ఇంటి వ్యాయామాల కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. అన్నయ్య కోసం నేను దాన్ని తెలుగులో తిరగరాశాను. ఆ ప్రతిని వారికే ఇస్తే సంతోషంగా తీసుకుని జిరాక్సులు తీయించారు.

అన్నయ్యకు రాత్రిళ్లు నిద్ర పట్టడం త్వరలోనే మొదలైంది, కాలి నొప్పి మూడో నెలలోపు పోయింది, చిటికెన వేలి మొద్దుబారుదనం మాత్రం ఇంకా కొంచెం మిగిలి ఉంది. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. నెదర్లాండ్స్‌లో సయాటికా ఉన్న 283 మంది మీద జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలవారూ దాదాపు సమానంగా కోలుకున్నారు. కానీ ముందు మందులతో, వ్యాయామంతో ఆగిన వర్గంలోనూ 39 శాతం మందికి తరువాత ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మధ్యలో వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అనే మెట్టు ఒకటి ఉంది. భరించలేని కాలి నొప్పికి అది కొన్ని వారాల ఊరట ఇవ్వగలదు, అయితే అరుదుగా తీవ్రమైన నరాల సమస్యలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది కనుక ఆ నిర్ణయం నిపుణుడితో కూర్చుని తీసుకోవలసిందే.

ఈ కేంద్రం గోడ మీద యంత్రాల బొమ్మలు లేవు, ఒక హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాలతో తెలుగులోనే ఉంది. మూత్రం బిగుసుకుపోయినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకుండా వేలాడినా అక్కడికి రాకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లమని అందులో రాశారు. అలాంటి లక్షణాలు లేనివారు ఉదయం పూట సమయం అడిగి తీసుకుని వెళ్లడం మేలు. డాక్టరు చీటీ, ఎం.ఆర్.ఐ. ఫిల్ము తప్పక వెంట ఉండాలి. మెట్లు ఎక్కలేని స్థితి అయితే ఆ సంగతి ఫోనులోనే చెబితే, మొదటి పరీక్షకు వారే ఇంటికి వస్తారు.