పైలట్ రెజ్యూమె సర్వీసు: కాగితం బాగుంది, ఫాలోఅప్ దండగ

ఐదుకి రెండున్నర.

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉన్నవాళ్ల కోసం అమీర్‌పేటలో ఒక సర్వీసు ఉంది, పేరు రాయను. రెజ్యూమె రాసిస్తారు, ఎయిర్‌లైన్స్‌కి పంపుతారు, జవాబు వచ్చేదాకా వెంటపడతారు. ప్యాకేజీ 12,000. "మీరు టెన్షన్ పడకండి మేడమ్, అంతా మేం చూసుకుంటాం" అన్నారు, కట్టేశాను.

రెజ్యూమె నిజంగా బాగా చేశారు. ఇంటర్ మార్కులు, హాబీలు తీసేసి ఒక్క పేజీకి కుదించారు. పైన లైసెన్సు వివరాలు, క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఆరోగ్య పరీక్ష), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఎప్పటిదాకా చెల్లుతాయో తేదీలు. కింద విమానం నడిపిన గంటల పట్టిక: మొత్తం, పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, అంటే విమానం బాధ్యత నాదిగా నడిపినవి), క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి), రాత్రి, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్. సీపీఎల్‌కి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కనీసం 200 గంటలు, అందులో 100 పీఐసీ అడుగుతుంది. అందుకే కొత్తవాళ్లందరి మొత్తం కాస్త అటూ ఇటూగా ఒకటే. ఎవరేంటో తెలిసేది మిగతా గడుల్లోనే. వాటిని విడివిడిగా, కంటికి ఆనేలా పెట్టారు.

కానీ ఆ పట్టికలోనే సిమ్యులేటర్ గంటల్ని విమానం గంటల్లో కలిపేసి మొత్తం పెంచారు. అడిగితే "ఎక్కువ కనబడితే మంచిదే కదా మేడమ్" అట! ఇంటర్వ్యూలో లాగ్‌బుక్ (నడిపిన ప్రతి గంటా రాసుకునే పుస్తకం) పక్కన పెట్టుకుని చూస్తారు. అక్కడ తేడా దొరికితే ఇక మాట్లాడేదేముంది? పట్టుబట్టి మార్పించాను.

ఇక ఫాలోఅప్. ప్రతి సోమవారం అందరికీ ఒకటే మెయిల్: "నా దరఖాస్తు ఏమైందో దయచేసి తెలపగలరు." కాపీ నాకూ వచ్చేది కాబట్టి ఎక్కడెక్కడికి పంపుతున్నారో తెలిసింది. ఎ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ప్రత్యేక అర్హత) ఉన్నవాళ్లే కావాలన్న చోటికీ పంపారు. ఆ రేటింగ్‌కి లక్షలు పోయాలి, నా దగ్గర లేదు. కెప్టెన్ పోస్టుకి కూడా పంపారు, దానికి కావాల్సిన పై లైసెన్సు ఏటీపీఎల్ లేని నాకు! తిరిగి వచ్చినవి చాలావరకు "మా కెరీర్స్ పేజీలో అప్లై చేయండి" అనే ఆటోమేటిక్ జవాబులు. ఆ పేజీలో అప్లికేషన్లు ఎప్పుడు తెరుస్తారో కనిపెట్టి చెప్పడమే కదా వీళ్ల పని? అది ఒక్కసారీ చెప్పలేదు, నా బ్యాచ్ వాట్సాప్ గ్రూపే నయం.

ఇప్పుడు నేనే పంపుకుంటున్నాను, అదీ చెప్పడానికి కొత్త సంగతి ఉంటేనే. మెడికల్ రెన్యూ అయింది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్ అయింది, ఇలాంటివి. సబ్జెక్టులో అప్లికేషన్ నంబరు, లోపల రెండు వాక్యాలు, కొత్త రెజ్యూమె. పోర్టల్‌లో ప్రొఫైల్ కూడా అదే రోజు మారుస్తాను, లేకపోతే రెండు చోట్ల రెండు తేదీలు కనబడతాయి. పెద్ద సంస్థల నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. ఒక చిన్న చార్టర్ కంపెనీ ఆపరేషన్స్ ఆఫీసు నుంచి మాత్రం ఒకాయన ఫోన్ చేసి, "ఇప్పుడు ఖాళీ లేదమ్మా, వర్షాకాలం అయ్యాక ఒకసారి అడుగు" అన్నారు. ఆ సర్వీసు పంపిన మెయిళ్లన్నిటికీ కలిపి ఇంత సమాధానం రాలేదు.

రెజ్యూమె ఒక్కటే చేయిస్తారా అని అడగండి, 4,000కి చేస్తారు. ఆ ధరకి పరవాలేదు. గంటలు మాత్రం లాగ్‌బుక్ దగ్గర పెట్టుకుని సరిచూసుకోండి. ఫాలోఅప్ డబ్బు తిరిగి ఇమ్మంటే సగం ఇస్తామని ఒప్పుకున్నారు. దానికోసం ఇప్పుడు వాళ్లకి నేను ఫాలోఅప్ చేస్తున్నాను.